నాయనమ్మ గొర్రెపిల్లల మేజోళ్లు

గల్ఫులోని ఈ ఫుజైరా ఎండల్లో ఉన్ని మేజోళ్లతో ఎవరికి పని? అయినా బీరువా తీసినప్పుడల్లా కలరా ఉండల వాసనతో ముందుగా చేతికి తగిలేవి గొర్రెపిల్లల బొమ్మలున్న నాయనమ్మ మేజోళ్లే. ఆమె వాటిని తొడుక్కున్నది బతుకు మొత్తంలో ఒక్క పూట.

నాకప్పుడు పద్నాలుగేళ్లు. అంతకు రెండేళ్ల ముందు, మమ్మల్ని చూసి పోదామని బాపట్ల దగ్గరి మా ఊరి నుంచి వచ్చిన నాయనమ్మ, కరోనాకి విమానాలు ఆగిపోయి మా దగ్గరే చిక్కుకుపోయింది. అక్కడ తాతయ్య పోయాడు. సమాధి చెయ్యడం ఫోనులో చూశాం, అదీ మధ్యలో ఆగిపోయింది. మర్నాడే నాన్న పోర్టులో ఓడలకు నూనె పట్టే డ్యూటీకి వెళ్లిపోయాడు. చర్చిలో అందరూ చేరి పోయినవాళ్లని తలుచుకునే ఆదరణ కూడికా లేదు. "గుళ్లో పేరైనా చదవలేదే" అని నాయనమ్మ అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా అనేది, నాన్న పళ్లెం తీసుకుని లేచిపోయేవాడు. దారులు తెరిచాక కూడా, ఆయన లేని ఇంటికి పోనంటూ ఆమె మాతోనే ఉండిపోయింది.

ఆ వేసవిలో ఇంగ్లండులో నర్సుగా ఉన్న పిన్ని రమ్మంటే అందరం వెళ్లాం. పిన్ని డ్యూటీకెళ్లిన రోజు, పెద్ద రాతి గుడి ఉన్న ఒక పాత ఊరికి బస్సెక్కాం. ఆ ఊరి పేరు నాన్నకి ఇప్పటికీ నోరు తిరగదు. తుంపరకి తడిసిన రాళ్ల వీధులు, ఒకదాని మీదొకటి ఒరిగిన కర్ర ఇళ్లు, రొట్టెల కొట్ల నుంచి కాగిన వెన్న వాసన, ఏటిలో బాతులు, బెంచీ మీద గొడుగు కింద తిన్న నాయనమ్మ మూటలోని పులిహోర, చల్లమిరపకాయలు, వీటన్నిటి మధ్యా "యల్లా యల్లా, పదండి, ఐదింటికి బస్సు" అంటూ నాన్న మమ్మల్ని మేకల్లా తోలుతూనే ఉన్నాడు. ఎక్కడికెళ్లినా ఆయన చూడ్డానికి కాదు, ఖలాస్, అయిపోయింది అనడానికి వెళ్తాడు.

గుడి వాకిట్లో నాయనమ్మ అలవాటుగా చెప్పులు విడిచింది. లోపల నేలంతా సమాధి రాళ్లే. వాటి మీది పేర్లు అరిగిపోయాయి, జనం బూట్లతో నడిచిపోతున్నారు. "మనుషులు పండుకున్నారమ్మా, తొక్కమాక" అంటూ కొంగు తలమీద కప్పుకుని, నా చెయ్యి పట్టుకుని, తొక్కుడుబిళ్ల ఆడినట్టు రాయీ రాయీ తప్పించుకుంటూ నడిచింది. చలికి ఆమె కాళ్లు కొంకర్లు పోతుంటే అమ్మ గుడి కొట్లో ఈ మేజోళ్లు కొని తొడిగింది.

ఒక మూల బల్ల మీద చీటీలున్నాయి. పోయినవాళ్ల పేర్లు రాసి పెడితే ఐదున్నర ప్రార్థనలో చదువుతారట. నాయనమ్మ ఏనాడూ భర్త పేరు పలికిన మనిషి కాదు.

"మీ నాయన పేరు రాయరా అబ్బాయ్," అంది.

నాన్న రాశాడు. "వాళ్లు చదువుకుంటార్లేమ్మా. పద, ఈ బస్సు పోతే మళ్లీ తొమ్మిదింటికే."

"నువ్వు బో. నేను ఇనే వత్తా."

నాన్న వాచీ చూసుకున్నాడు, చీటీ చూశాడు. తర్వాత బూట్లు విప్పి, అన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నా, మా ఊరి గుళ్లోలా నేల మీద ఆమె పక్కన కూర్చున్నాడు.

అయ్యగారు వరసగా పేర్లు చదువుతూ "యాకోబు" అన్నాడు. నాయనమ్మ నెమ్మదిగా ఆమెన్ అంది. ఏడ్చింది నాన్న, మోకాళ్లలో తల పెట్టుకుని, చిన్నపిల్లాడిలా. అప్పటిదాకా నాయనమ్మకి భర్త పోయాడనే అనుకున్నాను. మా నాన్నకి నాన్న పోయాడని నాకు ఆ సాయంత్రమే తెలిసింది.

పోయినేడు నాయనమ్మా వెళ్లిపోయింది. నాన్న నెల సెలవు పెట్టి ఊరికెళ్లి, గుళ్లో ఆమె పేరు తనే చదివాడు. నన్ను పట్టుకుని నడిపించిన ఆ చెయ్యి లేదు, పులిహోర మూటలు లేవు, ఇంట్లో యల్లా అన్న కేక కూడా వినబడటం లేదు. ఇవాళ పొద్దున నేనే, "యల్లా నాన్నా, కాలేజీకి టైమైంది" అన్నాను.

బీరువా ముందు నిలబడి మేజోళ్లు మడత పెడుతూ, "ఉండమ్మా" అన్నాడు.