ప్రెషర్ దిగని మిషన్

మా ల్యాబ్ ఇన్‌ఛార్జి మీద నాకు ఇంకా కోపం పోలేదు. పోగొట్టుకునే ఉద్దేశం కూడా లేదు.

సైనిక్‌పురిలో మందుల్ని పరీక్షించే ఆ ల్యాబ్‌లో నేను చేరి కొన్ని నెలలే అయింది. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. నాకు అప్పగించింది మాస్ స్పెక్ట్రోమీటర్, మందులో ఏమేం కలిశాయో తేల్చే మిషన్. దాని లోపల గాలి అన్నది ఉండకూడదు. పంపు గాలినంతా లాగేస్తుంటే గేజ్‌లో ప్రెషర్ దిగుతూ పోవాలి. అది దిగితేనే పని. అందుకే పొద్దున రాగానే ముందు గేజ్ చూస్తాను, టీ అయినా తర్వాతే.

ఆ దసరాకు ముందు మిషన్ ఆపి, లోపలి భాగాలు కడిగి బిగించి, తలుపు దగ్గరగా వేశాను. సాయంత్రం ఆయుధపూజ. మా దగ్గర పూజ ఇన్‌ఛార్జి సొంత సొత్తు, కుంకుమ గిన్నె కూడా ఇంకొకరిని ముట్టనివ్వడు. అన్ని మిషన్లకూ బొట్టు పెట్టి, నా మిషన్ తలుపు మీద బంతిపూల దండ వేసి, తలుపు గట్టిగా నొక్కి దండం పెట్టుకున్నాడు. సెలవుల తర్వాత ఎండిన దండ లాగి పారేసిందీ ఆయనే.

పంపు ఆన్ చేశాను. ప్రెషర్ కొంత దిగి ఆగిపోయింది. మధ్యాహ్నమైనా అక్కడే ఉంది. మేనేజర్ రాగానే ఇన్‌ఛార్జి నా ముందే మొదలుపెట్టాడు.

“గీ పిల్ల చెయ్యే మంచిది కాదు సార్. ముట్టుకుంటే మిషన్ ఖరాబైతది. పర్మనెంట్ గిట్ల చెయ్యకుండ్రి.”

అందరూ విన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది, కానీ ఆయన ముందు ఏడుస్తానా!

లీకు పట్టడానికి ఒక పద్ధతుంది. ఒక్కో అతుకు దగ్గర అసిటోన్ చుక్క వేస్తూ గేజ్ చూడాలి. సందు ఉంటే చుక్క లోపలికి పోయి అంకె కదులుతుంది. అతుకులన్నీ అయ్యాయి, కదల్లేదు. తలుపు పై అంచున వెయ్యగానే కదిలింది. టార్చి వేసి చూస్తే సందులోంచి దారం కొస, దానికి ఎండిన బంతిరేకు. దండ దారం!

నేనే తీసేయొచ్చు. ఎందుకు తీస్తాను? పంపు మాత్రం ఆపి, తలుపు తెరుచుకునేలా లోపల గాలి నిండాక మేనేజర్‌ని, ల్యాబ్‌లో ఉన్నవాళ్లందరినీ పిలుచుకొచ్చాను.

“నా చెయ్యి మంచిది కాదు కద సార్, మీరే తెరువుండ్రి,” అన్నాను ఇన్‌ఛార్జితో.

తెరిచాడు. దారం ముక్క, గాలి చొరబడకుండా తలుపు అంచున ఉండే రబ్బరు రింగుకు అంటుకుని వేలాడింది.

“ఏందయ్యా గిది, నువ్వేసిన దండదేనా?” అన్నాడు మేనేజర్.

ఇన్‌ఛార్జి మొహంలో నెత్తురు చుక్క లేదు. నాకెంత హాయిగా ఉందో! రింగు తుడిచి, తలుపు వేసి, పంపు ఆన్ చేశాను. ప్రెషర్ దిగుతుంటే ఆయనకు వినపడేలా ఒక్కో అంకే పైకి చదివాను.

నేను పర్మనెంట్ అయ్యాను. తప్పయిందని మాత్రం ఆయన ఈ రోజుకీ అనలేదు.

మరుసటి దసరాకు దండ తెచ్చి నా చేతికివ్వబోయాడు. “గీసారి జెర నువ్వే ఎయ్యమ్మా,” అన్నాడు మెల్లగా. ల్యాబ్ అంతా మా వైపే చూస్తోంది.

“అయ్యో, మీ చెయ్యి మంచిది సార్,” అన్నాను గట్టిగా. “మీరే ఎయ్యుండ్రి.”