రోజుకో కొత్త మెషీను

నాకు రాయడం అలవాటు లేదు. ఐదో తరగతితో బడి మానేశాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

పలాసలో మాది చిన్న జీడి బట్టీ. జీడిపప్పు డబ్బాల మీద అంటించే స్టిక్కర్లు లాప్‌టాప్‌లో నేనే ప్రింటు తీస్తాను. ఆ స్టిక్కర్ల ప్రోగ్రాం లైనక్స్ అనే వేరే సిస్టంలోనే నడుస్తుందట. అందుకని టెక్కలిలో ఉండే మా మరిది, మా లాప్‌టాప్ లోపలే ఇంకో చిన్న కంప్యూటరు పెట్టాడు. వర్చువల్ మెషీన్ అంటారట. దానికి నొక్కడానికి బొమ్మలేమీ ఉండవు. నల్ల తెర మీద ఇంగ్లీషులో టైపు చేస్తే లేస్తుంది. లాంచ్ అనే లైను ఒక్కటి చూపించి, అది కొడితే ప్రోగ్రాంతో సహా లేస్తుందని చెప్పి వెళ్ళిపోయాడు. బట్టీలో మేం రోజూ పొద్దున్నే పాత బూడిద ఎత్తేసి కొత్త మంట వేస్తాం. ఇదీ అంతే అనుకుని రోజూ లాంచే కొట్టాను.

ఒక రోజు డబ్బాల కోసం లారీ వచ్చి నిలబడింది. స్టిక్కర్ లేని డబ్బాను కొనేవాళ్ళు దించుకోరు. లాంచ్ కొడితే లాప్‌టాప్‌లో చోటు లేదని వచ్చింది. మళ్ళీ కొట్టినా అదే. డ్రైవరేమో ఇచ్ఛాపురంలో ఇంకో లోడు ఉంది, వెళ్ళిపోతానంటాడు. మా ఆయన వచ్చి నా వెనకే నిలబడ్డాడు. అదొక గోల.

మరిదికి ఫోన్ చేశాను. లిస్ట్ అని కొట్టమన్నాడు. కొడితే తెర నిండా పేర్లు దిగాయి. కూడబలుక్కుని చదివి వినిపించాను.

“రోజుకో మెషీను పుట్టించేసినావేటి వదినా? ఉన్నదాన్నే స్టార్ట్ అని లేపాల.”

“ఆ మాట నువ్వెప్పుడు సెప్పినావు?”

అతను నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. ఒకటి ఉంచి మిగతావన్నీ డిలీట్ చెయ్యమన్నాడు. అక్షరం అక్షరం చూసుకుని కొట్టాను. అయినా చోటు రాలేదు. అప్పుడు చెప్తాడు, డిలీట్ అంటే పక్కన పడెయ్యడమేనట, పర్జ్ అని కొడితేనే పూర్తిగా పోతాయట. ఒక్కదాన్ని రెండుసార్లు చంపడం ఏమిటో.

పర్జ్ కొట్టి, స్టార్ట్ కొట్టాను. మెషీను లేచింది. స్టిక్కర్లు వచ్చినవి వచ్చినట్టే డబ్బాలకు అంటించాం. ఆఖరి డబ్బా లారీ ఎక్కుతుంటే మా ఆయన ఫోన్ అందుకున్నాడు.

“నువ్వు నేకపోతే ఈయేల సరుకు కదిలేది కాదురా తమ్ముడా.”

నేను ఫోన్ లాక్కున్నాను.

“ఇంకా సెప్పనివి ఏటైనా ఉంటే ఇప్పుడే సెప్పీ బాబూ.”

అప్పుడు మెల్లగా, రోజూ సాయంత్రం లాప్‌టాప్ మూసేముందు స్టాప్ అని కొట్టాలన్నాడు.