కొలను దగ్గర విన్న నీళ్ల పిలుపు

నేను ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ని. ఒక మీటరు చూపించేది నిజమా కాదా అని ఇంకో మీటరుతో సరిచూడటం నా ఉద్యోగం. రాయచోటిలో మా అవ్వ దయ్యాల సంగతి ఎత్తితే నవ్వి లేచిపోయేవాణ్ణి. ఇప్పుడు కూడా అవి ఉన్నాయని చెప్పడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగిన వరుసలో పెడుతున్నాను, అంతే.

కువైట్‌లో మంగఫ్‌లో ఉంటాను. చలికాలం మొదలైతే శుక్రవారాలు పక్షుల కోసం పోతాను. జహ్రా దాటాక, సముద్రం పక్కన, కంచె వేసిన రక్షిత ప్రాంతం ఒకటి ఉంది. చుట్టూ ఎడారి, మధ్యలో రెల్లు పెరిగిన కొలనులు. ముందుగా అనుమతి తీసుకుని, గేటు దగ్గర పేరు రాసి లోపలికి పోవాలి. పక్షులను దాగి చూడటానికి కట్టిన చెక్కగదిలో చప్పుడు చేయకుండా కూర్చుంటే ఫ్లెమింగోలు, బాతులు, పొడుగుకాళ్ల పిట్టలు వాటి పని అవి చేసుకుంటాయి. నేను రికార్డర్ పెట్టి కూతలు పట్టుకుంటాను. ప్రతి కూతకూ నా పట్టికలో నాలుగు గడులుంటాయి: సమయం, చోటు, జాతి, దిక్కు.

ఆ శుక్రవారం చెక్కగదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. ఏడు నలభైకి రెల్లు అవతలి నుంచి మనిషి చప్పుడు వినిపించింది. రెండు పొట్టి ఈలలు, ఒక పొడుగు కేక, చివర నాలుకతో టక్ టక్. సరిగ్గా మూడుసార్లు. గొర్రెల కాపరి అనుకున్నాను. మా వైపు పిలుపులాగే ఉందని కూడా అనుకున్నాను. పక్షి కాదు కాబట్టి జాతి గడి ఖాళీగా వదిలి, దిక్కు రాసి, తర్వాత ఆ ముక్క కత్తిరించాలని గుర్తు పెట్టుకున్నాను.

ఒక్క విషయం మాత్రం అప్పుడే వింతగా తోచింది. నేను దగ్గితేనే లేచిపోయే పిట్టలు ఆ కేకకు తల కూడా ఎత్తలేదు.

బయటికి వస్తూ గేటు దగ్గరున్న బంగ్లాదేశ్ కాపలాదారుణ్ణి అడిగాను, లోపలికి గొర్రెలను ఎవరు వదిలారని. "గొర్రెలా? ఇక్కడికి కుక్క కూడా దూరదు భాయ్" అని హిందీలో అని నవ్వాడు. ఆ ఉదయం పుస్తకంలో నా పేరొక్కటే ఉంది.

ఇక్కడ మల్లన్న సంగతి చెప్పాలి. మా కంపెనీ బస్సు డ్రైవరు, నా గదిలోనే ఉంటాడు. అతని అన్న రెడ్డెప్ప దేశానికి ఇంకో కొసన ఉన్న వఫ్రాలో ఒక తోటలో గొర్రెలు కాసేవాడు. నేను అతణ్ణి ఎప్పుడూ చూడలేదు, గొంతు వినలేదు. నేను కొలను దగ్గరికి పోయిన శుక్రవారానికి ముందు ఆదివారం నుంచి అతను కనిపించడం లేదు. ఫోను పలకడం లేదు. మందలో ఒక గొర్రెపిల్ల కూడా తగ్గింది. దాన్ని దొంగిలించి పారిపోయాడని కఫీల్, అంటే అతణ్ణి వీసా మీద తెచ్చుకున్న యజమాని, ఫిర్యాదు ఇచ్చాడు. ఊళ్లో రెడ్డెప్ప భార్య రోజూ ఫోను చేసి ఒకటే మాట అడిగేది, ఏమైనా తెలిసిందా అని.

మరుసటి గురువారం సాయంత్రం నేను రికార్డింగులు శుభ్రం చేస్తున్నాను. మల్లన్న బియ్యం కడుగుతున్నాడు.

"ఏం ఇంజనీరూ, ఇయ్యాల ఏ కాకి కచేరీ?" అన్నాడు.

అప్పుడే ఆ ముక్క వచ్చింది. మల్లన్న గిన్నె అట్లాగే పట్టుకుని నా వెనక నిలబడ్డాడు.

"మల్లా ఎయ్యి."

వేశాను.

"ఇది మా యన్న" అన్నాడు.

అది గొర్రెలను నీళ్లకు పిలిచే పిలుపట. మందను మలపడానికి ఇంకొకటి, దొడ్డికి తోలడానికి ఇంకొకటి. వాళ్ల నాయన అన్నదమ్ములిద్దరికీ నేర్పించాడు. మల్లన్న చేసి చూపించాడు. అదే. ఒక్కటే తేడా, రెడ్డెప్పకు ముందు పన్ను సగం విరిగింది కాబట్టి ఈల చివర గాలి జారుతుంది. రికార్డింగులో జారింది.

"బతికే ఉండాడబ్బా! జహ్రాలోనే యాడనో దాక్కోనుండాడు" అని ఏడుస్తూ నవ్వాడు. వదినకు ఫోను చేయబోతే నేనే ఆపాను. ఒక్క మనిషి గుర్తుపట్టడం నాకు చాలదు. "ఆ మందకే వినిపిద్దాం అన్నా. అవి గుర్తుపడితే చెప్దాం" అన్నాను.

శుక్రవారం ఉదయం వఫ్రా చేరేసరికి తొమ్మిదైంది. కఫీల్ లేడు. కొత్త కాపరి సూడాన్ మనిషి, ఎంత పిలిచినా మంద తన మాట వినడం లేదని విసిగిపోయి ఉన్నాడు. నీళ్లు నిండిన తొట్టి పక్కన స్పీకరు పెట్టి మీట నొక్కాను. గొర్రెలు తొట్టి దగ్గరికి రావాలి. నేను అనుకున్న పరీక్ష అది.

అన్నీ ఒక్కసారి తలలెత్తాయి. తొట్టి వైపు ఒక్కటీ రాలేదు. వెనక్కి తిరిగి, తెరిచి ఉన్న గేటు దాటి, ఇసుకదిబ్బ వైపు నడిచాయి. సూడాన్ మనిషి "యల్లా, యల్లా" అంటూ అడ్డం పడినా పక్కకు తప్పుకుని పోయాయి. దిబ్బ వెనక పాడుబడిన బావి ఒకటుంది. పైన వేసిన రేకు సగం లోపలికి కూలి ఉంది. మంద దాని చుట్టూ నిలబడి అంచు మీదికి మూతులు వంచింది.

మల్లన్న నాకంటే ముందే అర్థం చేసుకున్నాడు. పరుగెత్తలేదు. చెప్పులు విడిచి నడిచాడు.

బావిలో చుక్క నీరు లేదు. రెడ్డెప్ప ఒక కాలు వంకరగా పెట్టి గోడకు ఆనుకుని ఉన్నాడు. తప్పిపోయిన పిల్ల అతని ఒడిలో ఉంది. దాని కోసమే దిగి పడ్డాడని పోలీసులు రాశారు. దొంగతనం ఫిర్యాదు, పారిపోయిన కేసు రెండూ పోయాయి. శవం ఊరికి చేరింది. "మీ యన్న దొంగ కాదని ఊరంతా ఇన్నారు" అని వదిన మల్లన్నతో అన్నదట. ఇంకేం అడగలేదట.

దాహంతో పోయాడని, పడ్డాక బుధవారం దాటి బతికి ఉండడని డాక్టరు మల్లన్నకు చెప్పాడు. నా రికార్డింగు శుక్రవారంది. గడియారం తప్పేమో అని చూశాను, సరిగ్గానే ఉంది. పాత ఫైలు కలిసిందేమో అని చూశాను, కలవలేదు. ఎవరి ఫోనైనా మోగిందేమో అనుకుంటే, లోపల నేను తప్ప ఎవరూ లేరు.

ఆ ముక్క కత్తిరించలేదు. పట్టికలో జాతి గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది. దిక్కు గడిలో ఆ ఉదయం నా చేత్తో నేనే రాసింది మొన్న మళ్లీ చూశాను: దక్షిణం.

కొలనుకు దక్షిణాన రెల్లు, కంచె, రహదారి. ఆ తర్వాత ఎడారి. ఆ వైపే నూరు కిలోమీటర్లు పోతే వఫ్రా. ఇది ఎట్లా జరిగిందో నాకు తెలియదు. సరిచూడటానికి నా దగ్గర ఇంకో మీటరు లేదు.