ఎండలో కనపడని మంట

డెబ్బైల చివర్లో, తీర్థం రోజులు. రాజోలు సంతలో కొన్న ఈనెల చీపురు చేత్తో పట్టుకుని సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు కోసం నిలబడ్డాను. నడినెత్తిన ఎండ. బుడగలమ్మే అతను హైడ్రోజన్ సిలిండరు దింపుతుంటే చెయ్యి జారింది. మూతి దెబ్బతిని గ్యాసు బుస్సుమని తన్నుకొచ్చింది. అతను దూరంగా పరిగెత్తాడు.

మంట లేదు, పొగ లేదు. భయమెందుకని పక్కనుంచి దాటబోయాను.

ముక్కూ మొహం తెలియని పెద్దాయనొకరు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగండమ్మా. ఆ చీపురిలా ఇవ్వండి."

నేను అడుగు వెయ్యబోయిన చోటికి దాన్ని చాచారు. ఏమీ లేని గాలిలో చీపురు కొస భగ్గున అంటుకుంది.

నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"ఎవరూ అగ్గిపుల్ల గియ్యలేదు కదండీ?"

"గియ్యక్కర్లేదండి. బిగించిన గ్యాసు ఒక్కసారిగా బయటపడితే ఒక్కోసారి దానంతటదే అంటుకుంటాదండి. ఎండలో కనపడి చావదు."

చీపురు గోదాట్లో ముంచి నా చేతికిచ్చారు. గ్యాసంతా అయిపోయేదాకా ఎవర్నీ కదలనివ్వలేదు. తర్వాత జనంలో కలిసిపోయారు.

ఇంటికొచ్చేసరికి ఎప్పట్లాగే తలుపులు బార్లా తీసే ఉన్నాయి. గుమ్మం ముందు ఆగిపోయాను. సగం కాలిన ఆ చీపురు ముందుకు చాచి చూసుకుంటే గానీ లోపలికి అడుగు పడలేదు.