పక్క సీటు బరువు

అది కాదండీ, అసలు మీరే చెప్పండి. గుమ్మంలో అడుగుపెట్టిన మనిషిని "రండి, కూర్చోండి" అనకుండా "మీ బరువెంత?" అని అడిగితే మీరైతే ఊరుకుంటారా? పైగా మనం చెప్పింది నమ్మడు. "ఉహూ, తక్కువ చెబుతున్నారు. ఇలా ఎక్కండి" అంటాడు. ఎక్కేది దేని మీదనుకున్నారు? పాత ఇనుము కొట్టు నుంచి అడిగి తెచ్చిన కాటా మీద. ముందురోజు దాకా దాని మీద తుప్పు పట్టిన గేట్లూ, విరిగిన మంచాలూ తూచేవాళ్ళు.

ఆయన చూడబోతే టైలరు. కోటు కుట్టడంలో ఆయన చేతికి తిరుగులేదు. అయినా మూడు నెలల్లో వీధి వీధంతా ఆ సంగతి మర్చిపోయి ఆయన్ని కాటా టైలరు అనడం మొదలుపెట్టింది.

ఆయన పిచ్చికి అందరికంటే ముందు దొరికిపోయింది సొంత మరదలు. ఆవిడ బస్సు కండక్టరు. అక్క నెలరోజులు జ్వరంతో ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చిందని తెలిసి, సెలవు పెట్టి, ఒక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో పళ్ళ సంచీ పట్టుకుని దిగింది.

"బావా, అక్కకెలా ఉంది?"

"లోపల పడుకుంది. నువ్వెంతుంటావు?"

"ఎంతుండటమేంటి?"

"బరువమ్మా, బరువు. ఆ సంచీ కింద పెట్టి ఎక్కు."

రోజుకి వెయ్యిమంది నోళ్ళు మూయించే కండక్టరు ఆవిడ. ఆవేళ మాత్రం చెప్పినట్టు సంచీ కింద పెట్టింది. ఎక్కింది. ముల్లు యాభై ఒకటి దగ్గర ఆగింది. ఆయన ముఖం చిన్నబోయింది.

"ప్చ్. చాలవు."

"చాలనా? దేనికి చాలను?"

"పక్క సీటుకి."

తూచినందుకు ఒక కోపం, తూచాక పనికిరావన్నందుకు దాని మీద ఇంకో కోపం. రెండు కోపాలూ మోసుకుని మరదలు లోపలికెళ్ళింది.

పక్క సీటంటే కారులోది. ఆయనకో కారుంది. ఆకుపచ్చది, రెండే సీట్లు, పైన కప్పు లేదు, నేలకి జానెడెత్తు. ఆయన చేత ముప్ఫై ఏళ్ళు కోట్లు కుట్టించుకున్న ముసలి డాక్టరు, "ఇందులోకి దిగాలంటే నడుం వంగాలోయ్, నాది వంగడం మానేసింది, నువ్వు తీసుకో" అని ఇచ్చేశాడు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం టైలరూ ఆయన భార్యా అందులో వంతెన దాకా వెళ్ళొచ్చేవాళ్ళు. కారు వయసు కారుకీ వచ్చింది. కుదుపు ఆపే షాకుల్లోంచి నూనె కారిపోయింది, స్ప్రింగులు కూలబడ్డాయి. గుంట వస్తే మనిషి పళ్ళు టకటకమనేవి.

ఆ కారుకి స్ప్రింగులు బజార్లో దొరకవు, చుట్టించుకోవాలి. స్ప్రింగులు చుట్టే ఆయన ఒకటే అడిగాడు.

"మీరు కోటు కుట్టాలంటే కొలతలు కావాలా వద్దా? నాకూ అంతే. సీట్లలో మనుషుల్ని కూర్చోబెట్టి, నాలుగు చక్రాల మీదా బరువెంతెంతో రాసుకు రండి."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కొలత అన్న మాట వింటే మా టైలరుకి పూనకం వస్తుంది. ఎవరైనా కొలతలు చీటీ మీద రాసి తెస్తే దాన్ని చూడను కూడా చూడడు, మళ్ళీ తనే తీస్తాడు. ఒకసారి పెళ్ళికొడుకొకడు సూటుకి కొలతలివ్వడానికొచ్చాడు. ముక్కు తుడుచుకుంటున్నాడు.

"జ్వరమా?"

"కొంచెం ఉందండి. నాలుగు రోజుల్నుంచి."

"తగ్గాక రా బాబూ."

"పెళ్ళండీ!"

"పెళ్ళి ఒక్కరోజు. సూటు పదేళ్ళు తొడుగుతావు. నీరసం మీదున్న మనిషికి నేను కొలతలు తియ్యను. తర్వాత పట్టదు."

పంపేశాడు! అలాంటి మనిషికి కాటా దొరికితే ఊరుకుంటాడా? కారు ఒక చక్రం కింద కాటా, మిగతా మూడింటి కింద అంతే ఎత్తుకి ఇటుకలు. డ్రైవరు సీట్లో తను. పక్క సీటు భార్యది. ఆవిడ మంచం దిగే స్థితిలో లేదు కాబట్టి ఆవిడ బరువుకి సరిపోయే మనిషి కావాలి. అదీ సంగతి.

"ఆ సరిపోయే మనిషిని నేనే కదా బావా?" అంది మరదలు. "అక్క ఆస్పత్రిలో తూస్తే నలభై తొమ్మిది. నేను యాభై ఒకటి. రెండు కిలోలకి అంత రాద్ధాంతమా?"

"నువ్వు సరిపోవులేమ్మా" అన్నాడు, టేపు మెళ్ళో సర్దుకుంటూ.

ఇక వీధి మీద పడ్డాడు. పాలాయన డెబ్బై నాలుగు. వద్దన్నాడు. మెకానిక్కు ఎనభై ఒకటి. "సగం గ్రీజేనండీ, స్నానం చేసి రానా?" అన్నాడు, అయినా వద్దన్నాడు. సంగీతం టీచరు చేతి గడియారం విప్పి, చెప్పులు విప్పి, ఊపిరి బిగబట్టి ఎక్కింది. యాభై ఎనిమిది. ఆవిడ మురిసిపోయి, "ఇంకోసారి తూచండి, గట్టిగా చదవండి" అంది. కాటా తిరిగి అడగడానికొచ్చిన పాత ఇనుము కొట్టాయన్నీ ఎక్కించాడు. తొంభై ఏడు. ఆయన సిగ్గుపడి, వచ్చిన పని మర్చిపోయి వెళ్ళిపోయాడు.

చివరికి లెక్కల మాస్టారు దొరికాడు. అరవై ఒకటిన్నర.

"దగ్గరికొచ్చారు! అర కిలో చాలదు, అంతే" అని టైలరు తన పెద్ద కత్తెర తెచ్చి మాస్టారి చేతిలో పెట్టాడు. మాస్టారు ఆ కత్తెర ఒళ్ళో పెట్టుకుని, నాలుగు చక్రాలూ తూచేదాకా గంటన్నర సేపు, ఫోటోకి కూర్చున్నట్టు కదలకుండా కూర్చున్నాడు.

షాకుల దగ్గర ఇంకో బాగోతం. మెకానిక్కు మూడు జతలు తెచ్చి వరసగా పెట్టాడు. టైలరు ఒక్కోదాన్ని నొక్కి వదులుతాడు, కళ్ళు మూసుకుంటాడు.

"ఇవి పందెం కార్లవండీ, గట్టివి."

"మనం పందానికి పోవట్లేదు, వంతెన దాకా పోతున్నాం."

"పోనీ ఇవి మెత్తనివి. పేషెంటు ఉన్నారు కదా, హాయిగా ఉంటుంది."

"ఇది షాకు కాదు, ఉయ్యాల. కారు గుంట దాటాక ఒక్కసారి లేచి ఆగిపోవాలి. రెండోసారి ఊగకూడదు. ఆ మధ్యవి ఇవ్వు."

ఇదంతా కిటికీలోంచి చూస్తున్న మరదలికి ఒళ్ళు మండిపోయేది. ఎందుకు మండదు? అక్క రెండు ముద్దలు తిని కంచం తోసేస్తోంది. "ఆకలి లేదే, ఏం బాగుపడతాన్లే" అని గోడవైపు తిరిగి పడుకుంటోంది. డాక్టరేమో, జ్వరం పోయింది, ఇక తిండే మందు అన్నాడు. ఈయనేమో ఇనుప ముక్కలు నొక్కుకుంటున్నాడు! జాకెట్లు వదులై అక్క భుజాల మీంచి జారిపోతున్నాయి. మరదలు నాలుగు తీసుకెళ్ళి మిషను మీద పడేసింది.

"ఊళ్ళో అందరివీ సరిచేస్తావు. పెళ్ళానివి నాలుగు కుట్లు టైటు చెయ్యలేవా?"

"చూద్దాం."

"ఎప్పుడు?"

"చూద్దాంలేమ్మా." నాలుగూ మడిచి పక్కన పెట్టేశాడు. అంతే.

ఆ మర్నాడు టైలరుకి అర్జెంటు కోటొకటి వచ్చి పడింది. "స్ప్రింగులాయన కొట్టు బజారు దారిలోనే కదా, ఈ కాగితం ఇచ్చిరా" అని మరదల్ని పంపాడు. కొట్టు ముందు నిలబడి ఆవిడ కాగితం విప్పింది. డ్రైవరు డెబ్బై. పక్క సీటు అరవై రెండు. దానికో చిన్న అట్టముక్క పిన్ను చేసి ఉంది. రైల్వేస్టేషన్లో బరువు చూసే మిషను ఇచ్చే టిక్కెట్టు, నిరుడుది. ఒకవైపు అరవై రెండు కిలోలు, రెండోవైపు 'మీకు త్వరలో ప్రయాణయోగం కలదు.' కింద టైలరు చేతిరాతలో అక్క పేరు.

"బావకి మతిపోయింది" అనుకుంది మరదలు. కండక్టరు కదా, తప్పుడు అంకె కంటబడితే చెయ్యి ఊరుకోదు. జేబులోంచి పెన్ను తీసింది. అరవై రెండు కొట్టేసి నలభై తొమ్మిది వెయ్యబోయింది. పెన్ను కాగితానికి ఆనింది.

నీరసం మీదున్న మనిషికి నేను కొలతలు తియ్యను.

ఎప్పుడో పెళ్ళికొడుకు సంగతి చెప్పి అక్కాచెల్లెళ్ళిద్దరూ పడీపడీ నవ్వుకున్న మాట. మడిచి పక్కన పెట్టిన నాలుగు జాకెట్లు గుర్తొచ్చాయి. వీధినంతా తూచినవాడు అక్కని మాత్రం ఒక్కసారీ కాటా ఎక్కమనలేదని అప్పుడు తట్టింది.

"ఏంటమ్మా, ఏమన్నా మార్చాలా?" అన్నాడు స్ప్రింగులాయన.

మరదలు పెన్ను మూత పెట్టేసింది. "ఏం లేదండీ. అరవై రెండే. గట్టిగా చుట్టండి."

పది రోజులకి స్ప్రింగులొచ్చాయి, షాకులతో కలిపి బిగించారు. ఆదివారం సాయంత్రం అక్కని చెరోవైపు పట్టుకుని కార్లోకి దించారు. వీధి చివర స్పీడుబ్రేకరు దాటి, తిరిగి గుమ్మం దగ్గరికొచ్చి ఆగేసరికి అక్క ముఖం ఎర్రగా ఉంది.

"ఏవండీ, ఇదేం కారండీ! మీరు కుదురుగానే ఉన్నారు. నన్ను బంతిలా ఎగరేస్తోంది. మూడుసార్లు ఎగిరాను! ఇన్నాళ్ళూ నొక్కి నొక్కి చూసింది ఇందుకా?"

టైలరు స్టీరింగు మీద చెయ్యి తీయకుండా నెమ్మదిగా అన్నాడు.

"కారు సరిగ్గానే ఉందోయ్. నువ్వే ఇంకా పూర్తిగా ఎక్కలేదు."

అక్క ఆయన వంక చూసింది. ఒళ్ళో ఉన్న చేతుల వంక చూసుకుంది. తర్వాత ఫక్కున నవ్వింది. జ్వరం వచ్చాక నవ్వడం అదే మొదలు.

"మిగతా మనిషిని తీసుకురావాలంటారు."

"తొందరేం లేదు. సీటు ఎక్కడికీ పోదు."

ఆ పూట కంచం తోసెయ్యలేదు. పెద్దగా తిన్నదీ లేదనుకోండి, ఇంకో ముద్ద ఎక్కువ, అంతే. కానీ ఆ పై ఆదివారం గేటు దగ్గర్నుంచే చెల్లెలికి కేకేసింది: "ఒసే, ఇవాళ రెండుసార్లేనే!" పాలాయన కూడా పాలు పోస్తూ, "అమ్మగారూ, ఎన్ని ఎగుర్లండీ?" అని అడగడం మొదలుపెట్టాడు. మరదలు సెలవైపోయి వెళ్ళిపోయినా ప్రతి ఆదివారం ఫోన్లో మొదటి ప్రశ్న అదే. చలి రోజులు ముగిసేసరికి కారు స్పీడుబ్రేకరు మీద ఒక్కసారి లేచి, ఇక మళ్ళీ ఊగకుండా ఆగిపోయింది. ఆ నాలుగు జాకెట్లకీ ఒక్క కుట్టు కూడా వెయ్యాల్సిన పని రాలేదు.

ఇక మిగిలింది కాటా. "ఇవాళ ఇచ్చేసి వస్తాను" అని టైలరు దాన్ని పక్క సీట్లోకి ఎత్తబోయాడు. తీరా చూస్తే అక్క తల దువ్వుకుని, అందులో కూర్చుని ఉంది.

"కాటా పెట్టాలోయ్, కాస్త దిగు."

"నేను దిగను. నన్ను అరవై రెండు కిలోలు ఎక్కించింది దింపడానికా? కాటా రేపు."

రేపూ అదే సీటు, అదే మనిషి. పాత ఇనుము కొట్టాయన మళ్ళీ అడగడానికొచ్చాడు. టైలరు ఆయన్ని ఎక్కించి ముల్లు చూసి, టేపు మెళ్ళోంచి తీసేశాడు.

"తొంభై రెండా? ఐదు కిలోలు తగ్గావేంటి? ఇంట్లో అంతా బాగేనా? రా, ముందు కూర్చో."

ఆ కూర్చోవడం గంటసేపు కూర్చున్నాడు. వచ్చినప్పటికంటే తేలిగ్గా లేచి వెళ్ళాడు. కాటా మాత్రం ఇంకా షాపు గుమ్మంలోనే ఉంది.