శాస్త్రిగారి గొంతు అడిగిన ప్రశ్న

దయ్యాల మాటెత్తితే నేను నవ్వే నవ్వుకి పక్కింటి అద్దాలు బీటలు వారేవి. ఆ నమ్మకం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. జరిగింది మాత్రం చెబుతాను.

ఎనభైల్లో ఎడిసన్ అనే ఊరి దగ్గర ఒక చిన్న కంపెనీలో, ఓ ప్రోగ్రామింగ్ భాషకి లైబ్రరీ రాసేవాణ్ణి. లైబ్రరీ అంటే, ఆ భాష వాడే ప్రతివాడూ అరువు తెచ్చుకునే రెడీమేడ్ సరుకు. మెమరీలో ఉన్నదాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి కాపీ చేసే ముక్క ఒకటి అందులో ఉండేది. అక్షరం తర్వాత అక్షరం మోస్తూ ఎడ్లబండిలా నడిచేది. నేను దాన్ని నాలుగేసి అక్షరాలు ఎత్తేలా మార్చాను. ఆ వేగానికి కంప్యూటర్ పొగలు కక్కిందంటే నమ్మండి.

ఈ మార్పు రిలీజ్‌లోకి వెళితే నా గ్రీన్‌కార్డ్‌కి అప్లై చేయిస్తానని మేనేజర్ ఫ్రాంక్ మాటిచ్చాడు. వీసా గడువు నెత్తిమీదికొచ్చింది.

మా టీమ్‌లో ఓ ఆచారం. ఏ మార్పుకైనా అందరూ నోరు తెరిచి ఓకే అనాలి. ఒక్కరు అనకపోయినా అది చెత్తబుట్టకే. మాలో పెద్దవారైన శాస్త్రిగారు ఇలినాయ్ నుంచి ఫోన్‌లో అనేవారు.

ఆ పొద్దున బల్లచుట్టూ ఉన్నవాళ్లంతా ఓకే అన్నారు. ఫోన్ మోగింది. ఫ్రాంక్ స్పీకర్ నొక్కాడు. కాసేపు గరగర, తర్వాత శాస్త్రిగారి గొంతు వస్తుందని చూస్తున్నాం. నా గుండె చప్పుడు పార్కింగ్ లాట్ దాకా వినిపించే ఉంటుంది.

"ఏమయ్యా మూర్తీ, ఎత్తే చోటూ దించే చోటూ ఒకదాని మీదొకటి పడితే?"

శాస్త్రిగారి గొంతే. లైన్ కట్ అయింది. ఆ సంగతి నేను ఆలోచించనే లేదు. ఫ్రాంక్ లేచి ఆ ప్రశ్న బోర్డు మీద రాశాడు. చెక్ చేసి చెప్పమన్నాడు.

చేశాను. ఉన్న వాక్యాన్నే రెండక్షరాలు పక్కకి జరిపితే, మోయకముందే సగం చెరిగిపోయింది. పాత ఎడ్లబండి ఎటునుంచి మోయాలో చూసుకుని మోసేది. మా సరుకు వాడేవాళ్లలో ఆస్పత్రుల మందుల మోతాదులు లెక్కకట్టేవాళ్లూ ఉన్నారు. మార్పు వెనక్కి తీసుకున్నాను. ఫ్రాంక్ గ్రీన్‌కార్డ్ మాట మళ్లీ ఎత్తలేదు.

సాయంత్రం శాస్త్రిగారు ఫోన్ చేశారు. మాట ముద్దముద్దగా ఉంది.

"సారీ అయ్యా, పొద్దున కాల్ చేయలేకపోయా. డెంటిస్ట్ పన్ను పీకాడు, నోటినిండా దూది. అయినా నీ కోడ్ నాకింకా పోస్ట్‌లో రాలేదు."

ఎవరో ఆటపట్టించారని సరిపెట్టుకోబోయాను. కానీ టీమ్‌లో తెలుగువాళ్లం మేమిద్దరమే. మర్నాడు ఫ్రాంక్‌ని అడిగాను, ఆ తెలుగు నీకెలా అర్థమైందని.

"తెలుగేంటి? హీ ఆస్క్‌డ్ ఇన్ ఇంగ్లీష్," అన్నాడు.

బల్లచుట్టూ కూర్చున్నవాళ్లంతా అదే మాట అన్నారు. నేను విన్నది మాత్రం తెలుగే. ఎవరడిగారో, ఏ భాషలో అడిగారో, ఇప్పటికీ నాకు తెలీదు.