అన్ని మొహాల్లోనూ ఆవిడే

గల్ఫ్‌లో, ఈ హూరా పేటలో నేను పనిచేసే ఇంట్లో వెనిగర్ సీసా మూత తీస్తే చాలు, మాస్టారు ఫోటోలు కడిగే చీకటిగది వాసన గుప్పుమంటుంది. కాకినాడ నుంచి వచ్చి ఈ వీధిలోనే ముసలివారైన మనిషి ఆయన. ఊరంతా కొత్త కెమెరాలు పట్టినా ఫిలిం వదల్లేదు. శుక్రవారాలు నాకు సెలవు కాబట్టి ఆయన స్టూడియో ఊడ్చి తుడిచేదాన్ని. ఆయన తండ్రి రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మద్రాసులో సినిమా తారల ఫోటోలకు మెరుగులు దిద్దేవాడట. గోడనిండా అవే. ఒకావిడ బొద్దుగా, ఇంకొకావిడ కోలమొహంతో ఉండేవారు. అయినా అద్దాలు తుడుస్తుంటే అన్నిట్లోంచీ ఒకే మనిషి నన్ను చూస్తున్నట్టుండేది. నిజం చెప్పొద్దూ, ఆ గోడకి వీపు పెట్టాలంటే నాకు భయం.

"వీళ్లంతా అక్కచెల్లెళ్లాండీ?" అని ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"కాదమ్మాయ్, మా నాన్న పెన్సిలు" అన్నారు. నెగటివ్ మీద సన్నటి పెన్సిలుతో ముడతలూ మచ్చలూ పూడ్చడం ఆ తండ్రి పని. "కడుపుతో ఉన్నదానికి ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుద్దని మా అమ్మకి తియ్యనివ్వలేదు పెద్దోళ్లు. కానుపయ్యాక తీద్దామనుకున్నాడట నాన్న. నన్ను కని పోయింది. అమ్మ ఎలా ఉండేదని అడిగితే ఈ గోడ చూపించేవాడు."

నా కూతుర్ని పసిగుడ్డుగా అక్క దగ్గర వదిలి వచ్చాను. ఫోనులో నా గొంతు వింటే దడుచుకుంటోందని అక్క చెప్పింది. మొహమైనా తెలియాలని మాస్టార్ని ఫోటో తియ్యమన్నాను. ఆయన దీపం పైకెత్తి పెట్టి, తారలకు తీసినట్టే తీశారు. మరుసటి శుక్రవారం ఫోటో చేతికిచ్చారు. కత్తిపీట తగిలి నా కనుబొమ మీద పడిన గాటు లేదు. చీర నాది, చెవిదుద్దులు నావి. చూస్తున్నది మాత్రం గోడ మీది ఆవిడ.

"ఇది నేను కాదండీ. ఇది పంపితే నా పిల్ల ఈవిణ్ణే అమ్మనుకుంటాది."

మాస్టారు ఫోటో వెనక్కి తీసుకుని చూశారు. "కావాలని చెయ్యలేదమ్మాయ్. చెయ్యి దానంతటదే పోయింది."

నెగటివ్‌ను వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశారు. గోడ మీద ఒక్కో మొహంలో కొంచెంగా దొరికే తల్లి, ఆ వేళ నా ఫోటోలో ఆయనకు మొదటిసారి పూర్తిగా దొరికింది. అయినా అలాగే ఉంచెయ్యండి అనలేకపోయాను. నాకూ బిడ్డ ఉంది కదా. "నాదేముంది, ముసలాణ్ణి. పిల్లకి తల్లి కావాలి" అంటూ టర్పెంటైన్ ముంచిన దూదితో పెన్సిలు గీతలన్నీ తుడిచేశారు. గాటుతో సహా నా మొహం మళ్లీ అచ్చు వేసి ఇచ్చారు. అది ఇంటికి పంపాను. మొదటిదాన్ని మాత్రం తారల పక్కన తగిలించుకున్నారు.

సెలవు మీద ఇంటికి వెళ్లినప్పుడు నా కూతురు అక్క కొంగు చాటున నిలబడి ఎంతోసేపు నన్ను చూసింది. తర్వాత దగ్గరికొచ్చి నా కనుబొమ మీది గాటు తడిమి, "అమ్మ" అంది. ఆ పిలుపు నాకు మాస్టారి భిక్ష.

ఆయన పోయాక స్టూడియో ఖాళీ చేస్తుంటే ఆ మొదటి ఫోటో అడిగి తెచ్చుకుని నా గదిలో పెట్టుకున్నాను. మొన్న వీడియో కాల్‌లో నా కూతురు, "అమ్మా, నీ వెనక ఆవిడెవరు? నన్నే చూస్తోంది" అంది.

"మా మాస్టారి వాళ్లమ్మే" అన్నాను.